ఫోన్‌కి డెర్మటోస్కోప్ తగిలిస్తే ఏం తెలుస్తుంది? ల్యాబ్ రిపోర్టుకి అదెలా పనికొస్తుంది?

2 మెగాపిక్సెల్ మ్యాక్రో కెమెరా మీద మనం వేసుకున్నన్ని జోకులు ఇంకే ఫీచర్ మీదా వేసుకోలేదేమో. స్పెక్ షీట్‌లో ఒక లైను పెరగడానికి తప్ప అది దేనికీ పనికిరాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఫోన్ కెమెరాతో బాగా దగ్గరగా చూడటం నిజంగా అవసరమయ్యే చోటు ఒకటుంది. అది స్కిన్ డాక్టర్ టేబుల్. అక్కడ ఫోన్ వెనకాల తగిలించే చిన్న పరికరం పేరు డెర్మటోస్కోప్. డెర్మ్‌లైట్, హైనే లాంటి కంపెనీలు వీటిని చాలా ఏళ్లుగా తయారు చేస్తున్నాయి. ఇప్పుడు ఆన్‌లైన్‌లో పేరు తెలియని చవక మోడల్స్ కూడా దొరుకుతున్నాయి. "ఇది కొంటే పుట్టుమచ్చ క్యాన్సరో కాదో ఇంట్లోనే తెలిసిపోతుందా?" అని చాలామంది అడుగుతున్నారు.

చిన్న జవాబు: తెలియదు. కానీ ఈ గ్యాడ్జెట్ వల్ల నిజంగా పెద్ద ఉపయోగం ఒకటుంది. దాని గురించి ఏ అన్‌బాక్సింగ్ వీడియోలోనూ చెప్పరు. అదేంటో ఈ ఆర్టికల్‌లో చూద్దాం. ముందే చెప్తున్నా, నేను డాక్టర్‌ని కాదు, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఇంటర్‌లో నాతో పాటు చదివిన ఫ్రెండ్ ఇప్పుడు డెర్మటాలజీ పీజీ చేస్తోంది. అప్పట్లో తను బైపీసీ, నేను ఎంపీసీ. తన దగ్గరున్న డెర్మటోస్కోప్‌ని నా ఫోన్‌కి తగిలించి కొన్ని వారాలు చూశాను, తనని ప్రశ్నలతో విసిగించాను. ఆప్టిక్స్, డేటా వైపు నుంచి నాకు అర్థమైంది రాస్తున్నా.

మ్యాక్రో లెన్స్‌కీ దీనికీ తేడా ఏంటి?

చేతిలో పట్టుకునే డెర్మటోస్కోప్ సాధారణంగా 10 రెట్లు పెద్దగా చూపిస్తుంది. అదే విషయమైతే మంచి మ్యాక్రో లెన్స్ సరిపోవాలి కదా? సరిపోదు. సమస్య జూమ్‌లో లేదు, మెరుపులో ఉంది.

చర్మం మీద వెలుతురు పడగానే కొంత భాగం పై పొర దగ్గరే వెనక్కి కొట్టేస్తుంది. గాలి వక్రీభవన గుణకం 1, చర్మం పై పొరది దాదాపు 1.55. ఈ రెండింటికీ తేడా ఉన్నంతసేపూ ఆ మెరుపు తప్పదు. మనకి లోపలి పొరల నుంచి వచ్చే వెలుతురు కావాలి, కానీ పైనుంచి వచ్చే మెరుపు దాన్ని కప్పేస్తుంది. ఎన్ని మెగాపిక్సెల్స్ పెట్టినా ఆ మెరుపునే ఇంకా స్పష్టంగా ఫొటో తీస్తారు, అంతే.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది పాత పద్ధతి. చర్మం మీద కొంచెం స్పిరిట్, నూనె లేదా అల్ట్రాసౌండ్ జెల్ రాసి, పైన గాజు పలక ఆనించి చూడటం. మిర్చి బజ్జీలు చుట్టిన పేపర్‌కి నూనె అంటగానే అవతలి పక్క అక్షరాలు కనిపిస్తాయి చూడండి, సరిగ్గా అదే సూత్రం. గాలి ఉన్న చోట నూనె చేరితే వెలుతురు చెదరడం తగ్గి, లోపలున్నది బయటపడుతుంది.

రెండోది క్రాస్ పోలరైజేషన్. పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసులు పెట్టుకుని ఎల్‌సీడీ మానిటర్ ముందు తల మెల్లగా పక్కకి వంచి చూడండి. ఒక కోణంలో స్క్రీన్ నల్లగా అయిపోతుంది. డెర్మటోస్కోప్‌లో ఎల్‌ఈడీల ముందు ఒక ఫిల్టర్, లెన్స్ ముందు దానికి 90 డిగ్రీల్లో ఇంకో ఫిల్టర్ ఉంటాయి. చర్మం పై పొర నుంచి వెనక్కి వచ్చే మెరుపు తన దిశ మార్చుకోదు కాబట్టి రెండో ఫిల్టర్ దగ్గర ఆగిపోతుంది. లోపలికి వెళ్లి, అటూ ఇటూ చెదిరి వచ్చిన వెలుతురు తన దిశ పోగొట్టుకుని ఉంటుంది కాబట్టి లోపలికి వస్తుంది.

మంచి పరికరాల్లో ఈ రెండు మోడ్‌లూ మార్చుకునే బటన్ ఉంటుంది. అది ఊరికే పెట్టింది కాదు. సెబోరిక్ కెరటోసిస్ అనే ప్రమాదం లేని మచ్చల్లో కనిపించే తెల్లని చిన్న గింజల్లాంటివి పోలరైజ్డ్ కాని వెలుతురులో బాగా తెలుస్తాయి. కొన్ని మెలనోమాల్లో కనిపించే మెరిసే తెల్లని గీతలు పోలరైజ్డ్ వెలుతురులోనే కనబడతాయి.

రంగు చూసి లోతు చెప్పొచ్చు

నాకు అన్నిటికంటే నచ్చిన విషయం ఇది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఒకటే పదార్థం. కానీ అది ఏ లోతులో ఉందో దాన్ని బట్టి పైకి వేరే రంగులో కనిపిస్తుంది. అన్నిటికంటే పై పొరలో ఉంటే నలుపు. దాని కింద ఎపిడర్మిస్‌లో ఉంటే గోధుమ రంగు. ఇంకా కింద, డెర్మిస్ మొదలయ్యే చోట ఉంటే బూడిద రంగు. బాగా లోతుకి వెళ్తే నీలం. చిన్న తరంగదైర్ఘ్యాలు ఎక్కువగా చెదరడం వల్ల వచ్చే నీలం అది.

అంటే డెర్మటోస్కోప్ ఇమేజ్ చూడటానికి 2డీ ఫొటోనే అయినా, అందులో రంగు రూపంలో డెప్త్ మ్యాప్ దాగి ఉంది. గోధుమ రంగు వల లాంటి డిజైన్ కనిపిస్తే, అది ఎపిడర్మిస్ అడుగున కిందకి దిగిన మడతల్లో ఉన్న మెలనిన్. గుండ్రటి బొట్లు కనిపిస్తే, అవి మెలనోసైట్ కణాలు గుంపులుగా చేరిన చోట్లు. నీలం మీద తెల్లటి పొగ కప్పినట్టు ఉంటే, లోతులో రంగు కణాలు బాగా పేరుకున్నాయని, పైన చర్మం మందమైందని అర్థం. డాక్టర్లు జాగ్రత్త పడే గుర్తుల్లో ఇది ముఖ్యమైనది.

ఈ గుర్తులు ఒక్క రోజులో తయారైనవి కావు. రంగు మచ్చలకి వరుసగా ఏయే గుర్తులు చూడాలో 1987లో వియన్నాకి చెందిన పెహంబెర్గర్, స్టైనర్, వోల్ఫ్ రాశారు. 1994లో స్టోల్జ్ బృందం దాన్నే ఒక ఫార్ములాగా మార్చింది. మనలాంటి వాళ్లకి ఇది చూడగానే నచ్చుతుంది. ఆకారం ఎంత వంకరగా ఉందో దానికి 0 నుంచి 2 మార్కులు, 1.3తో గుణించాలి. అంచు ఎన్ని చోట్ల ఠక్కున తెగిపోయిందో దానికి 0 నుంచి 8, 0.1తో గుణించాలి. రంగులు 1 నుంచి 6, 0.5తో. లోపలి డిజైన్లు 1 నుంచి 5, 0.5తో. మొత్తం 4.75 కంటే తక్కువైతే మామూలు మచ్చ, 5.45 దాటితే మెలనోమా అనుమానం, మధ్యలో ఉంటే కనిపెట్టి చూడాలి. ఉదాహరణకి ఆకారం 2, అంచు 4, రంగులు 4, డిజైన్లు 4 అనుకోండి. 2.6 + 0.4 + 2 + 2, మొత్తం 7. వెంటనే ముక్క తీయాల్సిన మచ్చ.

పదో తరగతి లెక్కలా ఉంది కదా అని మోసపోకండి. గుణకాలు సులువే, ఆ మార్కులు వేయడమే కష్టం. 2002లో లాన్సెట్ ఆంకాలజీలో వచ్చిన కిట్లర్ బృందం విశ్లేషణ తేల్చింది ఇదే. డెర్మోస్కోపీ నిపుణుల చేతిలో మెలనోమా నిర్ధారణని బాగా మెరుగుపరుస్తుంది. శిక్షణ లేని వాళ్ల చేతిలో మాత్రం మామూలు కంటితో చూసిన దానికంటే మెరుగు కాదు. పరికరం ఒకటే, ఫలితం వేరు.

మరి ల్యాబ్‌లో ఏం జరుగుతుంది?

అనుమానం వస్తే ఏ డాక్టరైనా చేసేది ఒకటే. మన ఇళ్లలో అంటారు కదా, "ముక్క తీసి టెస్టుకి పంపారు" అని. బయాప్సీ. చివరి మాట చెప్పేది ల్యాబ్‌లో కూర్చున్న పాథాలజిస్ట్. అందుకే అందరూ దాన్ని నూటికి నూరు శాతం నిజం అనుకుంటారు. కానీ ఆ పైప్‌లైన్ లోపల ఏం జరుగుతుందో ఒకసారి చూడండి.

తీసిన ముక్క ఫార్మలిన్ డబ్బాలో ల్యాబ్‌కి వెళ్తుంది. అక్కడ దాన్ని బ్రెడ్ ముక్కల్లా కోసి, మైనంలో పెట్టి గట్టిపరుస్తారు. తర్వాత మైక్రోటోమ్ అనే యంత్రంతో 4, 5 మైక్రాన్ల మందంలో పల్చటి పొరలు తీసి, స్లైడ్ మీద పెట్టి, ఊదా, గులాబీ రంగులు ఎక్కిస్తారు. పాథాలజిస్ట్ చూసేది ఆ స్లైడ్‌నే.

ఇప్పుడు మన లెక్క. 8 మి.మీ. వెడల్పున్న మచ్చని 4 మైక్రాన్ల పొరలుగా పూర్తిగా కోస్తే 2000 పొరలు వస్తాయి. ఎవరూ 2000 స్లైడ్లు చెయ్యరు, చెయ్యలేరు. మామూలుగా చూసేది వాటిలో కొన్నే. మిగతాదంతా మైనం బ్లాకులోనే ఉండిపోతుంది. మచ్చ అంతా ఒకేలా ఉంటే ఫర్వాలేదు. కానీ పాత పుట్టుమచ్చ ఒక మూల మాత్రమే మారడం మొదలైతే? ఆ మూల నుంచి పొర రాకపోతే, రిపోర్టులో కూడా రాదు.

ఇంకో తేడా ఉంది. డెర్మటోస్కోప్ పైనుంచి చూస్తుంది, మ్యాప్స్‌లో శాటిలైట్ వ్యూ లాగా. స్లైడ్ మాత్రం నిలువు కోత, బోరు వేసినప్పుడు ఎన్ని అడుగుల్లో మట్టి, ఎన్ని అడుగుల్లో రాయి వచ్చిందో చెప్పినట్టు. బోరు లోతు గురించి బ్రహ్మాండంగా చెప్తుంది, కానీ వేసిన చోటు గురించే. ఎకరం మొత్తం గురించి చెప్పదు. ఈ రెండు వ్యూలూ ఒకదానికొకటి పోటీ కాదు. శాటిలైట్ వ్యూ చూసి బోరు ఎక్కడ వేయాలో నిర్ణయించుకోవాలి.

ఇప్పుడు మీ ఇంట్లో ఎవరిదైనా పాత ల్యాబ్ రిపోర్టు ఉంటే తీసి చివరి లైను చూడండి. "క్లినికల్ కోరిలేషన్ అడ్వైజ్డ్" అని చాలా వాటిలో ఉంటుంది. అదేదో తప్పించుకోవడానికి రాసే డిస్‌క్లెయిమర్ అని నేను చాలా కాలం అనుకున్నా. కాదట. "నాకు స్లైడ్ మాత్రమే కనిపించింది, మనిషి కనిపించలేదు, రెండూ కలిపి చూసుకోండి" అని అడగడమట. స్క్రీన్‌షాట్ లేకుండా, "యాప్ పని చేయట్లేదు" అని ఒక్క లైనుతో బగ్ టికెట్ వస్తే మనకెలా ఉంటుందో ఊహించుకోండి. చాలా బయాప్సీ ఫారాల్లో ఉండేది కూడా అంతే: వయసు, ఆడో మగో, "నల్ల మచ్చ, అరికాలు".

స్పష్టత లేని కేసులు ఎంత కష్టమో చెప్పే ఒక స్టడీ

2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఎల్‌మోర్ బృందం చేసిన స్టడీ వచ్చింది. అమెరికాలోని 187 మంది పాథాలజిస్టులు, 240 చర్మ బయాప్సీ కేసులు. మామూలు పుట్టుమచ్చల విషయంలో వాళ్ల మాట నిపుణుల ప్యానెల్ మాటతో 92 శాతం కలిసింది. బాగా ముదిరిన మెలనోమాలో 72 శాతం. మధ్యలో ఉన్న మూడు తరగతుల్లో మాత్రం 25, 40, 43 శాతమే. ఒకే స్లైడ్‌ని కొన్ని నెలల తర్వాత మళ్లీ అదే డాక్టర్‌కి ఇస్తే, అప్పుడు కూడా మధ్య తరగతుల్లో మాట చాలాసార్లు మారింది.

వాళ్లకి పని రాదని కాదు దీని అర్థం. పుట్టుమచ్చకీ తొలి దశ మెలనోమాకీ మధ్య గీత నిజంగానే మసకగా ఉంటుంది. ఎస్-100, సాక్స్-10, మెలాన్-ఎ, హెచ్‌ఎంబీ-45, ప్రేమ్ లాంటి ప్రత్యేక స్టెయిన్లు సాయం చేస్తాయి, కానీ అవి కూడా కోసిన పొర మీదే పని చేస్తాయి. ఇలాంటి చోట ఇంకో కోణం నుంచి సమాచారం దొరికితే దాని విలువ ఎక్కువ. అనుమానాస్పద కేసుల్లో డిజిటల్ డెర్మోస్కోపీ ఇమేజ్‌తో పోల్చి చూడటం పాథాలజిస్ట్‌కి సాయపడుతుందని 2006లోనే బ్రిటిష్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీలో పేపర్ వచ్చింది. అంటే ఇది కొత్త ఐడియా కాదు. కొత్తగా వచ్చిందల్లా, ఆ ఇమేజ్ తీసే కెమెరా ఇప్పుడు ప్రతి డాక్టర్ జేబులోనూ ఉండటం.

ఇమేజ్ ల్యాబ్‌కి మూడు విషయాలు చెప్తుంది

ఒకటి, ఎక్కడ కోయాలి. ఫొటోలో నీలం, బూడిద రంగు ఉన్న మూలని డాక్టర్ గుర్తు పెడతారు. అక్కడ సన్నని దారంతో కుట్టు వేయొచ్చు, ఇంకు పెట్టొచ్చు, చిన్న పంచ్‌తో గాటు పెట్టొచ్చు, నెయిల్ పాలిష్ చుక్క కూడా వాడతారు. ఫార్మలిన్‌లో పడ్డాక రంగులు మారిపోతాయి, రక్తనాళాలు కనిపించవు. అందుకే ఫొటో కోతకి ముందే తీయాలి. తర్వాత తీసుకోవడానికి బ్యాకప్ ఉండదు.

రెండు, ఏ దిశలో కోయాలి. దీని గురించి కింద అరికాలు దగ్గర చెప్తా.

మూడు, ఏం కనిపించాలి. ఫొటోలో నీలి పొర స్పష్టంగా ఉండి, స్లైడ్‌లో అంతా మామూలుగా ఉంటే, పాథాలజిస్ట్‌కి వెంటనే అనుమానం వస్తుంది: "లోతులో ఉండాల్సిన రంగు ఎక్కడ?" బ్లాక్ ఇంకాస్త లోపలికి కోసి కొత్త పొరలు తీస్తారు. మన భాషలో టెస్ట్ పాసైంది, కానీ కవరేజ్ చాల్లేదు.

దీనికి మా ఇంట్లో జరిగిన సంగతే ఉదాహరణ. మా పెదనాన్న పొగాకు రైతు, చెప్పుల్లేకుండా పొలంలో తిరిగిన మనిషి. మడమ దగ్గర నల్ల మచ్చ ఉంటే ముల్లు గుచ్చుకున్న మరక అని నాలుగేళ్లు పట్టించుకోలేదు. చివరికి టౌన్‌లో ఒక ఆస్పత్రిలో మచ్చ మధ్య నుంచి చిన్న ముక్క తీశారు. క్యాన్సర్ లక్షణాలు స్పష్టంగా లేవని రిపోర్టు వచ్చింది, కింద మామూలే, క్లినికల్ కోరిలేషన్. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నా ఫ్రెండ్ మాత్రం, "ఒకసారి ఆయన్ని తీసుకురా" అంది. డెర్మటోస్కోప్‌లో చూస్తే మధ్య భాగం నెమ్మదిగానే ఉంది, మడమ వైపు అంచు మాత్రం వేరేగా ఉంది. తన సీనియర్ మచ్చ మొత్తం తీసేసి, ఆ అంచు దగ్గర కుట్టు గుర్తు పెట్టి, ఫారంతో పాటు ఫొటో ప్రింటు ల్యాబ్‌కి పంపారు. ఈసారి రిపోర్టు: మెలనోమా ఇన్ సిటు. ఇంకా పై పొర దాటలేదు. చుట్టూ ఇంకాస్త చర్మం తీసి, తొడ నుంచి చర్మం అతికారు. "ఏరా, నీ ఫోన్‌లో నా కాలు చూసుకుంటా కూర్చున్నావంట" అని ఇప్పటికీ ఏడిపిస్తుంటాడు.

మొదటి ల్యాబ్ తప్పు రాయలేదు. వాళ్ల దగ్గరికి వచ్చిన ముక్కలో ఉన్నదే రాశారు. జబ్బు ఆ ముక్కలో లేదు, అంతే.

అరికాలు, అరచెయ్యి, గోరు: మనవాళ్లు చూసుకోవాల్సిన చోట్లు

మెలనోమా మన దేశంలో అరుదు. కానీ వచ్చినప్పుడు తెల్లవాళ్లలా ఎండ తగిలే వీపు మీదో కాళ్ల మీదో కాకుండా, అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద వచ్చే పాలు మనలాంటి వాళ్లలో ఎక్కువ. బాబ్ మార్లే పేరు వినే ఉంటారు. ఆయనకి కాలి వేలి గోటి కింద వచ్చింది ఈ రకం మెలనోమానే. 1981లో, 36 ఏళ్లకే చనిపోయాడు.

పైన చెప్పిన ఫార్ములా అరికాలి మీద పని చేయదు, ఎందుకంటే అక్కడ చర్మం నిర్మాణమే వేరు. మీ ఫింగర్‌ప్రింట్ సెన్సర్ చదివేది దేన్ని? వేలి మీద దున్నిన పొలంలా గట్లు, వాటి మధ్య చాళ్లు. అరికాలి మీదా అంతే. మామూలు పుట్టుమచ్చలో రంగు సాధారణంగా చాళ్ల వెంట సన్నటి గీతల్లా ఉంటుంది. మెలనోమాలో రంగు గట్ల మీద వెడల్పు పట్టీల్లా ఉంటుంది. దీన్ని జపాన్‌లో సైదా బృందం వివరంగా చదివింది. 2004లో వాళ్లు 712 మచ్చల మీద ప్రచురించిన లెక్క ప్రకారం, గట్ల మీద రంగు అనే గుర్తుకి సెన్సిటివిటీ 86 శాతం, స్పెసిఫిసిటీ 99 శాతం.

ఏది గట్టో ఏది చాలో ఎలా తెలుస్తుంది? గట్ల మీద చెమట రంధ్రాలు తెల్లని చుక్కల వరసలా కనిపిస్తాయి. అయినా తేలకపోతే డాక్టర్లు చేసే చిట్కా భలే సింపుల్. మచ్చ మీద ఇంకు రాసి తుడిచేస్తారు. చాళ్లలో ఇంకు మిగిలిపోతుంది, గట్లు బయటపడతాయి.

ఇక్కడే కోత దిశ సంగతి వస్తుంది. ఈ గీతలకి అడ్డంగా కోస్తే, స్లైడ్‌లో ఒక గట్టు, ఒక చాలు, మళ్లీ గట్టు వరసగా కనిపిస్తాయి. రంగు కణాలు దేని కింద ఉన్నాయో పాథాలజిస్ట్ చూడగలరు. గీతల వెంబడే కోస్తే ఆ వరసే పోతుంది, మామూలు మచ్చ కూడా అనుమానంగా కనిపించొచ్చు. ముక్క చిన్నదైపోయి ఫార్మలిన్‌లో ముడుచుకుపోయాక దిశ కనుక్కోవడం కష్టం. అందుకే ఫొటో, గుర్తు కావాలి.

అన్ని నల్ల మచ్చలూ మెలనోమా కాదని కూడా గుర్తుంచుకోండి. మనవాళ్ల ముఖం మీద వచ్చే బేసల్ సెల్ కార్సినోమా చాలాసార్లు నల్లగానే ఉంటుంది. డెర్మటోస్కోప్‌లో దానికి వేరే గుర్తులున్నాయి: ఆకుల్లాంటి అంచులు, నీలి బూడిద రంగు గుడ్లలాంటి ముద్దలు, కొమ్మల్లా చీలిన రక్తనాళాలు. ట్రీట్‌మెంట్ కూడా వేరు.

ఏఐ యాప్ ఉంటే సరిపోదా?

మన బ్యాచ్‌లో అందరూ అడిగే ప్రశ్న. 2017లో స్టాన్‌ఫర్డ్ బృందం 1,29,450 ఫొటోలతో నేర్పిన న్యూరల్ నెట్‌వర్క్, 21 మంది డెర్మటాలజిస్టులతో సమానంగా నిలిచిందని నేచర్‌లో వచ్చింది. నిజమే, గొప్ప పని. కానీ ట్రెయినింగ్ డేటా లోపలికి వెళ్లి చూస్తే కొన్ని సంగతులు బయటపడతాయి.

అందరూ వాడే ఓపెన్ డేటాసెట్ 2018లో వచ్చిన హామ్10000. అందులో 10,015 డెర్మోస్కోపీ ఇమేజ్‌లు, ఏడు తరగతులు. 6,705 మామూలు పుట్టుమచ్చలు, 1,113 మెలనోమాలు. అంటే ఏ ఇమేజ్ ఇచ్చినా "మామూలు మచ్చ" అని ప్రింట్ చేసే ఒక్క లైను కోడ్‌కి కూడా 67 శాతం యాక్యురసీ వస్తుంది, ఒక్క మెలనోమాని కూడా పట్టుకోకుండా. యాప్ స్టోర్‌లో "90 శాతం యాక్యురసీ" అని చూస్తే ముందు ఇది గుర్తు తెచ్చుకోండి. ఈ ఇమేజ్‌లు ఆస్ట్రియా, ఆస్ట్రేలియా క్లినిక్‌ల నుంచి వచ్చినవి. మా పెదనాన్న అరికాలి లాంటివి అందులో ఎన్ని ఉంటాయో ఆలోచించండి.

ఇంకో సరదా బగ్. 2019లో జర్మనీలో హైడెల్‌బర్గ్ బృందం గమనించింది: మచ్చ పక్కన సర్జన్ ఊదా మార్కర్‌తో గీత గీస్తే, మోడల్ మెలనోమా స్కోరు పెంచేస్తోంది. అనుమానం ఉన్న మచ్చల పక్కనే డాక్టర్లు గీతలు గీస్తారు కాబట్టి, మోడల్ జబ్బుకి బదులు గీతని నేర్చుకుంది.

అన్నిటికంటే ముఖ్యం: ఆ డేటాసెట్‌లో మెలనోమా అనే లేబుల్ ఎక్కడి నుంచి వచ్చింది? ల్యాబ్ స్లైడ్ నుంచే. ఏఐకి గురువు పాథాలజిస్టే. గురువు చూడని పొరలో ఉన్నదాన్ని శిష్యుడికి ఎవరు నేర్పుతారు?

మామూలు ఫోన్ ఫొటోతో తీర్పు చెప్పే యాప్‌ల చరిత్ర కూడా బాగాలేదు. 2013లో జామా డెర్మటాలజీలో నాలుగు యాప్‌లని పరీక్షిస్తే, మూడు యాప్‌లు మెలనోమాల్లో 30 శాతం, అంతకంటే ఎక్కువ కేసుల్ని ప్రమాదం లేదని చెప్పాయి. నాలుగోది బాగా పని చేసింది. అది ఫొటోని నిజమైన డెర్మటాలజిస్ట్‌కి పంపేది! 2015లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఆధారం లేకుండా మెలనోమా కనిపెడతామని ప్రచారం చేసినందుకు మెల్‌యాప్, మోల్ డిటెక్టివ్ యాప్‌ల వాళ్ల మీద చర్య తీసుకుంది.

సరే, మనం ఏం చేయొచ్చు?

మీకు కొనాలని ఉంటే, కేవలం జూమ్ నంబర్ చూసి కొనొద్దు. క్రాస్ పోలరైజేషన్ ఉందా, రెండు మోడ్‌లూ ఉన్నాయా, గాజు మీద మిల్లీమీటర్ స్కేల్ ఉందా, ఫోన్‌కి కదలకుండా బిగుస్తుందా, ఇవి చూడండి. కానీ నా సలహా, చాలామందికి కొనాల్సిన అవసరం లేదు. డాక్టర్‌కి కావాలి, మనకి మంచి ఫొటో తీయడం వస్తే చాలు.

ఫొటో తీసేటప్పుడు:

- ముందు దూరం నుంచి ఒకటి, మచ్చ శరీరంలో ఎక్కడుందో తెలిసేలా. తర్వాత పక్కన స్కేల్ పెట్టి దగ్గర నుంచి ఒకటి.
- బ్యూటీ మోడ్, సీన్ ఎన్‌హాన్సర్, ఫిల్టర్లు అన్నీ ఆఫ్. ఫోన్ "అందంగా" చేసిన రంగు డాక్టర్‌కి అబద్ధం చెప్తుంది.
- డెర్మటోస్కోప్ వాడితే గట్టిగా నొక్కొద్దు. ఒత్తిడికి రక్తనాళాలు మాయమైపోతాయి. ఒకరి తర్వాత ఒకరికి వాడే ముందు స్పిరిట్‌తో తుడవండి.
- వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపొద్దు, కంప్రెస్ అవుతుంది. డాక్యుమెంట్‌గా పంపండి.
- కొన్ని నెలల తర్వాత పోల్చడానికి అదే వెలుతురు, అదే దూరం, అదే ఫోన్.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? కొత్తగా వచ్చి పెరుగుతున్న మచ్చ, ఆకారమో రంగో మారుతున్న మచ్చ, మిగతా వాటితో పోలిక లేకుండా ఒంటరిగా వేరేగా ఉన్న మచ్చ, రక్తం కారేది, మానని పుండు, ఒక్క గోటి మీదే వచ్చి వెడల్పవుతున్న నల్ల గీత. వీటిలో ఏది ఉన్నా, ఫొటో చూసుకుంటూ కూర్చోకుండా వెళ్లిపోవాలి.

ఇంకొకటి, దయచేసి ఇంట్లో అందరికీ చెప్పండి. బ్యూటీ పార్లర్‌లోనో, ఎవరో చెప్పారని ఇంకెక్కడో పుట్టుమచ్చని కాల్పించుకోవడం, లేజర్ చేయించుకోవడం వద్దు, ముందు డెర్మటాలజిస్ట్ చూసి సరే అంటే తప్ప. కాల్చేస్తే ల్యాబ్‌కి పంపడానికి ముక్కే మిగలదు. లాగ్స్ చూడకుండా సర్వర్ ఫార్మాట్ చేసినట్టు. జబ్బు లోపల ఉంటే అలాగే ఉంటుంది, ఆధారం మాత్రం పోతుంది.

ముక్క తీసే రోజు వస్తే డాక్టర్‌ని ఈ మూడు అడగండి. భయపడొద్దు, మంచి డాక్టర్ ఏమీ అనుకోరు. "సార్, తీసేముందు డెర్మటోస్కోప్‌లో చూశారా?" "మచ్చ మొత్తం తీస్తున్నారా, కొంచెమేనా? కొంచెమైతే ఏ వైపు నుంచి?" "ఫారంతో పాటు ఫొటో కూడా ల్యాబ్‌కి వెళ్తుందా?" రిపోర్టు వచ్చాక చివర్లో క్లినికల్ కోరిలేషన్ అని ఉంటే, ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టేసి ఇంటికి వచ్చేయకుండా మచ్చ చూసిన డాక్టర్‌కే మళ్లీ చూపించండి. రిపోర్టుకీ మచ్చకీ పొంతన కుదరకపోతే, మైనం బ్లాకు ల్యాబ్‌లో ఉంటుంది, ఇంకొన్ని పొరలు తీయమని, స్లైడ్లు వేరే నిపుణుడికి చూపించమని అడిగే వీలుంది.

ఫోన్ కెమెరా తీర్పు చెప్పే జడ్జి కాదు, సాక్షి. సాక్షి చెప్పింది ఫైల్లో ఉంటే జడ్జి పని తేలికవుతుంది. ఇంట్లో పెద్దవాళ్ల అరికాళ్లు ఈ వారం ఒకసారి చూడండి, పది నిమిషాల పని. ఏదైనా కొత్తగా కనిపిస్తే ఫొటో తీసి, యాప్‌కి కాకుండా డాక్టర్‌కి చూపించండి.